ఘంటసాల చివరి గానం – మనం విన్న తీరు

కళాకారుని తొలి కృతిని లోకం కుతూహలంతో పరీక్షిస్తుంది. కడపటి కృతిని మొగమాటంతో పరీక్షిస్తుంది. వయసు మీదపడిన గాయకుడు పాడుతున్నప్పుడు మనం ఆ పాటనే వింటున్నామా, ఆయన మీద మనకున్న పాత మమకారాన్ని వింటున్నామా అన్నది తేల్చుకోవడం అంత సులభం కాదు. ఈ ప్రశ్న నాకు నేనుగా వేసుకొన్నది కాదు. మా డిగ్రీ తరగతి విద్యార్థి ఒకడు తెచ్చి నా ముందు పెట్టినది.

ఆ అబ్బాయికి పాశ్చాత్యుల ‘హెవీ మెటల్’ సంగీతమంటే ప్రాణం. ఉరుములవంటి డ్రమ్ములు, కరెంటు గిటార్ల హోరు, ఆ హోరును మించి లేచే గొంతు – ఆ సంగీతాన్ని గూర్చి నాకు తెలిసినది ఇంతే. 1970లో ‘బ్లాక్ సాబత్’ బృందంతో ఆ బాణీకి ఆద్యులలో ఒకరైన ఓజీ ఆజ్‌బర్న్, తనకు పార్కిన్సన్ వ్యాధి ఉన్నదని 2020లో లోకానికి వెల్లడించి, 2022లో తన 73వ ఏట ‘పేషెంట్ నంబర్ 9’ అనే ఆల్బమ్‌ను వెలువరించారు. విమర్శకులలో ఎక్కువమంది దానిని మెచ్చుకొన్నారు. 2023లో గ్రామీ బహుమానమూ వచ్చింది. 2025 జూలైలో ఆయన కన్నుమూశారు. ఈ సంగతులన్నీ చెప్పి ఆ అబ్బాయి అడిగాడు: “వాళ్లు మెచ్చుకున్నది పాటనా సార్, ముసలాయన పట్టుదలనా? మన తెలుగులో ఇట్లాంటిది ఏమన్నా ఉందా?”

నేను ఆలోచించి, “ఘంటసాలగారి భగవద్గీత” అన్నాను.

తరగతి గొల్లుమన్నది. వెనుక బెంచీలలో నుండి ఎవరో, “అది చావింట్లో పెట్టేది గదా సార్!” అన్నారు. నేనూ చిరునవ్వు నవ్వాను. నవ్వనిది ఒక్కతే. మూడవ వరుసలో కూర్చున్న ఆ అమ్మాయి లేచి నిలబడి, “పోయిన యేడు వార్షికోత్సవంలో నేను అందులో నుంచి రెండు శ్లోకాలు పాడతానంటే మీరే వద్దన్నారు సార్. మంచి రోజున ఆ పాట ఎందుకమ్మా అన్నారు. మా నాయన దినమూ పొద్దున్నే ఆవులకు మేత వేస్తా అదే వింటాడు. మీరు దాన్ని మొత్తం ఎప్పుడన్నా విన్నారా సార్?” అని అడిగింది.

నేను వినలేదు. ఆ మాట అప్పుడు తరగతిలో ఒప్పుకొనే ధైర్యం నాకు లేకపోయింది. ఇప్పుడు ఈ పుటలలో ఒప్పుకొంటున్నాను.

ముందుగా ఆ గానం పుట్టుకను గూర్చి నాలుగు మాటలు చెప్పాలి. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1922లో కృష్ణా జిల్లా చౌటపల్లిలో జన్మించారు. విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యులై, మధూకరంతో కడుపు నింపుకొంటూ సంగీతం అభ్యసించారు. క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని, మన పొరుగుననే ఉన్న బళ్లారిలోని అలీపూర్ జైలులో శిక్ష అనుభవించారు. ‘పాతాళభైరవి’, ‘దేవదాసు’, ‘మాయాబజార్’, ‘లవకుశ’ వంటి చిత్రాలు వెలువడిన ఆ రెండు దశాబ్దాలలో తెలుగు ఇంటికి పాట అంటే ఆయన గొంతే. 1970లో పద్మశ్రీ వచ్చింది. అప్పటికే ఆయన ఆరోగ్యం సన్నగిల్లుతున్నది. 1966లో చిత్రసీమలో అడుగుపెట్టిన ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యంగారి కొత్త గొంతు వైపు కాలం తిరుగుతున్నది. అటువంటి వేళ ఆయన భగవద్గీతలోని 700 శ్లోకాలలో నుండి నూటికి కొంచెం పైగా ఎంచుకొని, తెలుగు తాత్పర్యంతో సహా హెచ్.ఎం.వి. సంస్థకు రికార్డు చేశారు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో తమ 51వ ఏట మరణించారు. ఆ రికార్డు జనం చేతికి వచ్చేసరికి ఆయన లేరు. అంటే, ఆ గానాన్ని లోకం మొదటిసారి విన్నదే ఒక మరణవార్త వెంబడి విన్నది. దాని తరువాతి చరిత్రకు ఈ యాదృచ్ఛికమే నాంది అయిందేమో!

పండితుల ఆక్షేపణలను మా ఎం.ఏ. రోజులలో నేను చాలా విన్నాను. గీతాశ్లోకం పారాయణ చేయదగినదే గాని రాగాలు కట్టి పాడదగినది కాదని ఒక వాదం. సినిమా గొంతు శాస్త్రగ్రంథానికి తగదని మరొక వాదం. పద్దెనిమిది అధ్యాయాల నుండి ఏరి కూర్చిన శ్లోకాలతో తత్త్వం అఖండంగా ఎట్లా అందుతుందని ఇంకొక వాదం. వీటిలో మొదటి రెండింటికి కాలమే సమాధానం చెప్పింది. సంస్కృతం అక్షరం ముక్క రాని మా జిల్లా రైతు గీతలోని వరుసను గుర్తుపట్టగలుగుతున్నాడంటే అది ఆ రాగాల వలననే, ఆ సినిమా గొంతు వలననే. మూడవదానికి మాత్రం విలువ ఉన్నది. ఏరి కూర్చినది ఎప్పుడూ సంగ్రహమే అవుతుంది, సమగ్రం కాదు.

అయితే పండితుల విమర్శ కన్న బలమైన విమర్శ ఒకటున్నది. అది జనం చేసినది. వారు ఆ గానాన్ని నిరాకరించలేదు, నెత్తిన పెట్టుకొన్నారు. పెట్టుకొని ఒక్క సందర్భానికి కట్టివేశారు. మా అనంతపురం వీధులలో ఆ గొంతు వినిపించిందంటే, “ఎవరు పోయినారు?” అన్నదే తొలి ప్రశ్న. వైకుంఠరథం మీది మైకులో అదే. టెంటు వేసి కుర్చీలు పరిచిన ఇంటి ముంగిట అదే. దానితో, పొరపాటున బతికి ఉన్నవారి ఇంట్లో ఆ పాట పెడితే పొరుగువారు కిటికీలో నుండి తొంగి చూచే పరిస్థితి వచ్చింది.

ఇది ఎట్లా జరిగింది? నాకు తోచిన కారణాలు రెండు. మా రాయలసీమ పల్లెలలో చావు జరిగిన రాత్రి భజన బృందాలు వచ్చి తెల్లవార్లూ తత్త్వాలు పాడేవారు. కరువులకు పల్లెలు వలసపోయాయి, బృందాలు పలచబడ్డాయి. మనుషులు పాడవలసిన చోట క్యాసెట్టు వచ్చి కూర్చున్నది. రెండవది, ఆ రికార్డు అమరికలోనే ఉన్నది. పుట్టిన వానికి చావు తప్పదనే మాట గీతలో రెండవ అధ్యాయంలోనిది కనుక రికార్డులో తొందరగానే వస్తుంది. పరామర్శకు వచ్చినవారు పది నిమిషాలు కూర్చొని, ఆ మాట విని, తల ఆడించి వెళ్లిపోతారు. తరువాత ఏమున్నదో వినేదాకా ఎవరూ ఉండరు. మొదటి పది నిమిషాలు విని ఒక మహాగానానికి మనం శాశ్వతంగా పేరు పెట్టివేశాము.

నా సంగతి వేరు. నాకు ఆ పది నిమిషాలు కూడా వినరానివైనాయి. దానికి కారణం చెప్పాలి.

నా బాల్యం కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో గడిచింది. ఏటికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన, ఎర్రనేల, శెనక్కాయ పైరు. మా ఇంటికి నాలుగిళ్ల అవతల నా సహాధ్యాయి ఇల్లు. వాళ్ల నాయనను నేను మామా అనేవాణ్ణి. ఆయన నన్ను అల్లుడా అని పిలిచేవాడు. రంజాన్ నెలలో మా ఇఫ్తారుకు ఖర్జూరాలు పంపేవాడు. సంక్రాంతికి వారింటి అరిసెలు మా ఇంట్లోనే ముందుగా అయిపోయేవి. ఆ రోజులలో రామాలయం మైకులో తెల్లవారుజామున ఘంటసాల గీత వినిపించేది. దానికి నేను ఎన్నడూ భయపడలేదు. నాకు అది అజాన్ తరువాత వచ్చే మరొక ప్రభాత ధ్వని, అంతే.

2002లో వాన లేదు. విత్తిన శెనక్కాయ విత్తు కూడా తిరిగి రాలేదు. మామ ఒక బోరు వేయించాడు, పడలేదు. మరొకటి వేయించాడు. మూడవదానికి బోరు బండి వచ్చినప్పుడు మేము బడి మాని చూడబోయాము. రాత్రంతా తెల్లటి రాతిపొడి లేచింది గాని తడి మన్ను రాలేదు. తెల్లవారి ఆయన ఆ పొడి కుప్ప పక్కన గొంతుకు కూర్చున్నాడు. “ఏం మామా?” అని పలకరిస్తే, “ఏం లేదల్లుడా, నాకేమీ వద్దనిపిస్తాంది” అన్నాడు. నేను తొమ్మిదో తరగతి పిల్లవాణ్ణి. ఏమి చెప్పాలో తెలియక బడికి పోయాను. ఊరిలో పెద్దలు చాలామంది ఆ పూట ఆ దారినే పోయారు. అందరూ బోరు ఎన్ని అడుగులు పోయిందని అడిగారే గాని ఆయనను అడిగినవారు లేరు. కొన్ని వారాలకు, 2003 వేసవిలో, ఆయన తన ప్రాణం తానే తీసుకొన్నాడు.

ఆ దినం వారి ఇంటి ముందు మైకు పెట్టారు. పొద్దున నుండి పొద్దుగూకేదాకా ఆ ఒక్క క్యాసెట్టే తిప్పి తిప్పి వేశారు. నా సహాధ్యాయి చెవులు మూసుకొని మా ఇంటి వంటగదిలో కూర్చున్నాడు. మా అమ్మ వాడిని ఒడిలోకి లాక్కొని ఏమీ మాట్లాడకుండా ఉండిపోయింది. ఆనాటి నుండి ఆ గొంతు వినిపిస్తే నేను కిటికీ మూసేవాణ్ణి. ఇరవై సంవత్సరాల తరువాత ఒక అమ్మాయి వార్షికోత్సవంలో పాడుతానంటే వద్దన్నదీ అందుకే. కారణం మాత్రం శుభాశుభాల మీదికి నెట్టాను.

ఆ అమ్మాయి ప్రశ్న విన్న రాత్రి, ఇంట్లో అందరూ నిద్రపోయిన తరువాత, ఆ గానాన్ని మొదటినుండి చివరిదాకా విన్నాను.

మొదట నన్ను ఆశ్చర్యపరచినది ఆ గొంతులోని నిరాడంబరం. మా జిల్లా పల్లెలలో ‘శ్రీకృష్ణ రాయబారం’, ‘సత్య హరిశ్చంద్ర’ నాటకాలు రాత్రంతా ఆడేవారు. పద్యం చివర రాగం ఎంత పొడిగిస్తే అన్ని ‘వన్స్‌మోర్’లు. 1880లో మన తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవగారు ఈ రాగాల వెర్రి నటనను మింగివేస్తున్నదని ఆ కాలంలోనే ఎదిరించారు. ఘంటసాలగారు అదే ఎదిరింపును పాటలో చేశారు. ఆయన పద్యంలో భావం ముందు నడుస్తుంది, రాగం వెనుక నడుస్తుంది. తుది రికార్డులో ఆ పద్ధతి పండి ఉన్నది. శ్లోకాన్ని పాడుతారు, వెంటనే తాత్పర్యాన్ని మామూలు మాటగా చదువుతారు. పాటకూ మాటకూ నడుమ గొంతు మారదు. ప్రదర్శన లేదు, పరుగు లేదు. ఒత్తులూ సంయుక్తాక్షరాలూ ఒక్కటి నలగకుండా పలుకుతాయి. చిన్ననాట మదరసాలో తజ్వీద్ నేర్చుకొన్నవాణ్ణి కనుక, ఒక అక్షరాన్ని దాని స్థానం నుండి పలకడానికి ఎంత శ్వాస, ఎంత శ్రద్ధ కావాలో నాకు కొంత తెలుసు. అలసిన శరీరంతో ఆ మాత్రం శుద్ధి నిలుపుకోవడం మమకారంతో మెచ్చుకోవలసినది కాదు, విద్యగా మెచ్చుకోవలసినది. మా విద్యార్థి సందేహానికి నా సమాధానం ఇదే.

ఈ విద్యకు మతపు గోడలు లేవన్నది ఘంటసాలగారి జీవితంలోనే కనిపిస్తుంది. ఉస్తాద్ బడే గులాం అలీఖాన్ గారిని ఆయన మద్రాసులో తమ ఇంట ఆతిథ్యమిచ్చి గౌరవించారు. 1968లో హైదరాబాదులో కన్నుమూసిన ఆ ఉస్తాద్ ఠుమ్రీలలో శ్రీకృష్ణుని ఎంత ప్రేమతో పాడారో మన ఉర్దూ విభాగం మిత్రులకు చెప్పనక్కరలేదు. గీతను ఉర్దూ షాయరీగా మార్చిన అన్వర్ జలాల్‌పురీగారు 2018 వరకు మన మధ్య ఉన్నారు. కనుక ఒక ముస్లిం ఉపన్యాసకుడు గీతాగానాన్ని గూర్చి వ్రాయడం వింత కాదు. ఇంత ఆలస్యంగా వినడమే వింత.

రెండవ ఆశ్చర్యం కథలో ఉన్నది. రికార్డు మొదలుకాగానే వినిపించేది చావును గూర్చిన మాట కాదు. రథం నడుమ చతికిలపడిన ఒక మనిషి దుఃఖం. గెలుపు వద్దు, రాజ్యం వద్దు, సుఖం వద్దు అంటున్నాడు అర్జునుడు. చేతిలోని విల్లు జారిపోయింది. ఆ చోట రికార్డు ఆపివేశాను. నాకు ఎర్రనేల మీద తెల్లటి రాతిపొడి కుప్ప కనిపించింది. దాని పక్కన గొంతుకు కూర్చొని, నాకేమీ వద్దనిపిస్తాంది అన్న మామ కనిపించాడు.

గీత చనిపోయినవానికి చెప్పినది కాదు. బతికి ఉండి, బతుకు చేతకాక కూలబడినవానికి, పక్కన కూర్చున్న స్నేహితుడు చెప్పినది. పద్దెనిమిది అధ్యాయాలూ అతనిని లేపి నిలబెట్టడానికే. మధ్యలో అతడు ఎన్ని ప్రశ్నలు అడిగినా ఆ స్నేహితుడు విసుగుకోలేదు. ఆ సంభాషణ మామకు కావలసినది బోరు ఎండిన తెల్లవారు. మేము వినిపించినది ఆయన చెవులు మూతపడిన తరువాత.

నా మాటను అపార్థం చేసికోవద్దు. శ్లోకం వింటే అప్పు తీరదు. పాటకు నీరు పడదు. మా రైతుకు కావలసినవి చేనికి నీరు, పంటకు ధర, తీర్చగల వడ్డీ. వీటి స్థానంలో తత్త్వం చెప్పడం క్రూరమవుతుంది. నేను చెప్పేది ఇంతకన్న చిన్న విషయం. కూలబడిన మనిషి పక్కన ఎవరైనా కూర్చోవాలని ఆ గానం మొదటి పుటలోనే చెబుతున్నది. మనం ఆ పుటను దాటి, మన పని సులభం చేసే శ్లోకం దగ్గర ఆగాము.

ఇది ఒక మతంవారి పొరపాటు మాత్రమే కాదు. మా ఇళ్లలో చివరి శ్వాస తీస్తున్నవారి పక్కన సూరా యాసీన్ చదువుతారు. చిన్నతనంలో ఎవరైనా యాసీన్ తెరిస్తే నేను వణికేవాణ్ణి. ఒకనాడు మా అమ్మ నన్ను కూర్చోబెట్టి దాని అర్థం వినిపించింది. ఎండి చచ్చిన నేలకు తిరిగి ప్రాణం పోసి, గింజలు మొలిపించి, ఊటలు పారించిన సంగతి అందులో ఉన్నది. కర్మయోగంలోనూ అదే: ప్రాణులకు అన్నం, అన్నానికి వాన మూలమంటుంది గీత. ఘంటసాలగారు దానిని కూడా పాడారు. వాన కోసం ఆకాశం వైపు చూచే మా నేలకు ఇంతకన్న దగ్గరి మాటలు ఏమున్నాయి? ఆ రెండింటినీ మనం పాడె దగ్గరనే తెరుస్తున్నాము.

మరునాడు నా పాత సహాధ్యాయికి ఫోను చేశాను. వాడు బెంగుళూరులో పని చేసుకొంటున్నాడు. నేను విన్నదంతా చెప్పాను. చాలాసేపు మౌనంగా ఉండి, “నువ్వు చెప్పేది నిజమేరా. కానీ నాకు ఆ గొంతు వినబుద్ధి కాదు” అన్నాడు. నేను వాదించలేదు. విమర్శకుడు కృతిని గూర్చి తీర్పు చెప్పవచ్చు గాని గాయపడిన చెవికి తీర్పు చెప్పరాదు. “సరేరా, నాయన సంగతి చెప్పు” అన్నాను. ఇన్నేళ్లలో మేమిద్దరం ఆయనను గూర్చి మాట్లాడుకొన్నది లేదు. ఆ రాత్రి గంటసేపు మాట్లాడుకొన్నాము.

2022లో ఘంటసాలగారి శతజయంతి గడిచింది. ఆయన విగ్రహాలకు దండలు పడ్డాయి, సినిమా పాటల కచేరీలు జరిగాయి. ఆయన తుది గానానికి మాత్రం మనం ఇంకా న్యాయం చేయలేదనుకొంటాను. దానికి పెద్ద సభలు అక్కరలేదు. ఒకసారి, ఎవరూ చనిపోని ఒక మామూలు దినాన, మొదటినుండి చివరిదాకా వింటే చాలు. హిందువైనా ముసల్మానైనా, తెలుగు తెలిసిన ప్రతి విద్యార్థికీ అందులో నేర్చుకోవలసిన ఉచ్చారణ ఉన్నది; నేర్చుకోవలసిన స్నేహమూ ఉన్నది.

ఈ సంవత్సరం వార్షికోత్సవపు కార్యక్రమాల జాబితా తయారుచేసే పని మళ్లీ నాకే అప్పగించారు. మొదటి వరుసలో ఆ అమ్మాయి పేరు వ్రాశాను. ఏ శ్లోకాలు పాడుతావమ్మా అని అడిగాను. “మొదటి నుంచే సార్, అర్జునుడు కూర్చునే కాడి నుంచి” అన్నది. వార్షికోత్సవం నాడు నేను ముందు వరుసలో కూర్చొని వింటాను.